గాయాన్ని కాదు, ప్రశ్నను రాయనివ్వండి

ఈ మధ్య మన ఆడపిల్లల కష్టాలకు మంచి గిరాకీ వచ్చింది. వాటిని తీర్చడానికి అనుకునేరు, చదవడానికి! సముద్రాల అవతల ఉన్న విశ్వవిద్యాలయాల ప్రవేశ కమిటీలు చదవడానికి. తండ్రి చదువు వద్దన్నాడా? బాగుంది. ఇంటర్లోనే పెళ్లి సంబంధాలు చూశారా? ఇంకా బాగుంది. తల్లి దెబ్బలు తింటూ చదివించిందా? ఇక సీటు ఖాయం. ఇలా లెక్క కట్టి, ఏ కష్టాన్ని ఎన్ని మాటల్లో ఎలా సర్దాలో నేర్పే దుకాణాలు హైదరాబాదులోనూ విజయవాడలోనూ వీధివీధినా వెలిశాయి. వీసా దగ్గర్నుంచి విమానం టికెట్ దాకా అన్నీ చూసే ఈ కన్సల్టెన్సీలే మన పిల్లల బతుకు కథలు కూడా రాసిపెడుతున్నాయి.

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. ఏటా దసరా వెళ్లింది మొదలు సంక్రాంతి దాకా పాత విద్యార్థినులు వస్తుంటారు. సిఫార్సు ఉత్తరం ఇంకెవరో ఇస్తారు. నా దగ్గరికి మాత్రం 'మేడమ్, ఒక్కసారి నా వ్యాసం చూడండి' అని వస్తారు. ఆ వ్యాసాలు వరసగా చదివితే ఒకే మనిషి పదిమంది పేర్లతో రాసినట్టుంటుంది. ఒక చీకటి ఇల్లు, ఒక కఠినమైన తండ్రి, ఒక మూగ తల్లి, ఒక కిరసనాయిలు దీపం. చివర్లో 'మా సమాజంలోని స్త్రీలను ఉద్ధరిస్తాను' అన్న వాగ్దానం. ఆ దీపం ముందు కూచుని చదువుకున్న పిల్ల పుట్టిన సంవత్సరం చూస్తే 2002! చాట్‌జీపీటీ వచ్చాక దుకాణాలకు ఈ మాత్రం శ్రమ కూడా తప్పింది. పల్లెటూరి అమ్మాయి అని ఒక్క మాట చెబితే యంత్రం కూడా ఆ చీకటి ఇంటినే కట్టి ఇస్తోంది. దాన్ని నింపిన మాటలు ఎవరివో ఊహించడం కష్టం కాదు.

దీన్ని మనం కెరీర్ గైడెన్సు వ్యవహారం అనుకుని వదిలేశాం. కథల్లో స్త్రీ పాత్ర ఎలా ఉందో ముప్ఫై ఏళ్లుగా విమర్శిస్తున్నాం. సినిమాల్లో, సీరియళ్లలో, పాఠ్యపుస్తకాల్లో స్త్రీని ఎలా చూపిస్తున్నారో నిలదీస్తున్నాం. కానీ మన కళ్లముందే వేలమంది అమ్మాయిలు తమ గురించి తాము రాసుకునే మొట్టమొదటి వ్యాసం ఎలా తయారవుతోందో పట్టించుకోలేదు. ఆ వ్యాసానికి అంశం ఎవరు ఎంచుతున్నారు? ఎవరి కోసం ఎంచుతున్నారు? ఇది నూటికి నూరుపాళ్లూ స్త్రీవాద ప్రశ్న అని నా వాదన.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను. మా దగ్గర బి.ఎస్సీ. చదివి, తర్వాత పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. వాళ్ల తాత ఊళ్లో నీరటి. చెరువు తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే పని. ఆ తాత పోయాక లెక్కంతా నాయనమ్మ నోట్లోనే మిగిలింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు బాగుచేయాలని పెట్టుకున్నారు. ఆ ఊరి చెరువులో కూడా పూడిక తీశారు. 'పూడిక తీసిన తర్వాత నీళ్లు ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు? నీళ్లు పంచే మనిషి లేకుండా చెరువు ఎలా నడుస్తోంది?' అమెరికాలో ఎం.ఎస్.కి పంపే వ్యాసంలో ఇదే రాస్తానంది ఆ పిల్ల. నాయనమ్మ చెప్పిన మాట ఒకటి మొదట్లోనే పెట్టుకుంది: 'నీళ్లకు కులం లేదు బిడ్డా, తూముకు ఉంటది.'

కన్సల్టెన్సీ అతనికి ఇది నచ్చలేదు. 'చెరువుల గోల ఎవరికి కావాలమ్మా? నీ స్ట్రగుల్ ఏది? మీ నాన్న చదువు వద్దన్నాడని రాయి. నువ్వు ఎదిరించి వచ్చావని రాయి' అన్నాడట. 'మా నాన్న వద్దనలేదు సార్. నా ఫీజు కోసం రెండు ఎడ్లు అమ్మిండు' అంది ఆ పిల్ల. 'అది వాళ్లకు తెలియదు కదా' అన్నాడట అతను. ఈ ఒక్క వాక్యం మీద ఎంత రాసినా తక్కువే. చదివించిన తండ్రిని కాగితం మీద దుర్మార్గుణ్ణి చేస్తే తప్ప కూతురు చదువుకు యోగ్యురాలు కాదు! దళిత కుటుంబంలో ఎడ్లు అమ్మి ఆడపిల్లను చదివించిన మగవాడు వాళ్ల కథలో ఇమడడు. తూము లెక్క తెలిసిన ముసలమ్మ అసలే ఇమడదు.

ఈ కథ ఎవరు అడుగుతున్నారు? కాస్త చరిత్ర చూద్దాం. అమెరికా విశ్వవిద్యాలయాలు అభ్యర్థి 'వ్యక్తిత్వాన్ని' ఆరా తీయడం దయతో మొదలుపెట్టలేదు. 1920ల మొదట్లో హార్వర్డ్ పరీక్షల్లో యూదు పిల్లలు బాగా గట్టెక్కి వస్తున్నారు. 1922 నాటికి కొత్తగా చేరేవాళ్లలో ఐదోవంతు పైన వాళ్లే. అధ్యక్షుడు లారెన్స్ లోవెల్‌కు ఇది మింగుడు పడలేదు. బాహాటంగా కోటా పెడదామంటే వ్యతిరేకత వచ్చింది. దాంతో దరఖాస్తును మార్చారు. 1922 నుంచి జాతి, మతం, తండ్రి పుట్టిన ఊరు, పుట్టినప్పటి నుంచీ ఇంట్లో పేరేమైనా మార్చుకున్నారా, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఏమిటి అని అడగడం మొదలైంది. 1926 తర్వాత మార్కులతో పాటు శీలం, వ్యక్తిత్వం కూడా తూచడం విధానమైంది. యూదుల సంఖ్య తగ్గిపోయింది. జెరోమ్ కారబెల్ 2005లో వెలువరించిన 'ది చోజన్' అనే పెద్ద గ్రంథంలో ఇదంతా దస్తావేజులతో సహా ఉంది.

అమ్మ పుట్టింటి ఇంటిపేరు! చరిత్రలో అమ్మ ఇంటిపేరును ఎవరూ అడగలేదని మనం బాధపడతాం కదా, అక్కడ అడిగారు. కులం వాసన పట్టడానికి మన దగ్గర ఇంటర్వ్యూల్లో 'ఇంటిపేరేమిటమ్మా, ఏ ఊరమ్మా' అని అడుగుతారే, అచ్చం అలా అడిగారు. 'నీ గురించి చెప్పు' అన్న ప్రశ్న వెనక తలుపు తీసే చెయ్యి ఉండొచ్చు, మూసే చెయ్యీ ఉండొచ్చు. అడిగేవాడు గడప లోపల, చెప్పేది గడప బయట నిలబడి ఉన్నప్పుడు ఆత్మకథ అనేది స్వేచ్ఛగా ఉండదు.

వందేళ్ల తర్వాత అదే వ్యాసం ఇంకో మలుపు తిరిగింది. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడం రాజ్యాంగ విరుద్ధమంది. హార్వర్డ్, నార్త్ కరొలినా విశ్వవిద్యాలయాల మీద వచ్చిన కేసులవి. అయితే జాతి తన జీవితాన్ని ఎలా తాకిందో అభ్యర్థి రాసుకుంటే దాన్ని చదవొచ్చు, అది ఆమె ధైర్యానికో పట్టుదలకో రుజువుగా ఉండాలి అని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ తీర్పులో చేర్చాడు. అంటే ఏమిటి? వివక్షను సమాజపు నేరంగా లెక్కించడానికి వీల్లేదు. ఒక్కొక్క పిల్లా విడివిడిగా తన గాయం విప్పి, అందులోంచి తానెంత గట్టిదయిందో చూపిస్తే మాత్రం సరే. హక్కుగా ఉండాల్సిందాన్ని కథగా మార్చేశారు. ఇప్పుడు నల్లపిల్లలు, లాటినో పిల్లలు తమ బాధను ఎంత రాయాలి, ఎలా రాయాలి అన్న మథనంలో పడ్డారు. మన దుకాణాలవాళ్లు చెప్పే 'స్ట్రగుల్' అనే మాటకు అసలు పుట్టిల్లు అక్కడ ఉంది.

వెయ్యికి పైగా కాలేజీలు వాడే కామన్ అప్లికేషన్‌లో వ్యాసానికి 650 మాటలు మించకూడదు. ఏడు అంశాలు ఇస్తారు. ఎదురైన అడ్డంకి గురించి రాయమనేది అందులో ఒకటి. మనసు లాగేసే ఒక ఆలోచన గురించి రాయమనేది మరొకటి. చివరిది 'మీకు నచ్చిన అంశం'. చూశారా? ఆలోచన గురించి కూడా రాయొచ్చు, నచ్చిందేదైనా రాయొచ్చు. ఇంగ్లండు విశ్వవిద్యాలయాలు 2026 ప్రవేశాల నుంచి పాత వ్యాసం తీసేసి మూడు ప్రశ్నలు పెట్టాయి. ఈ చదువు ఎందుకు కావాలి, ఇంతవరకు చదివింది దానికి ఎలా పనికొచ్చింది, తరగతి బయట ఏం చేశావు అని. పైచదువుల కోసం అడిగే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో కూడా ముఖ్యంగా కావాల్సింది ఏం తెలుసుకోవాలనుకుంటున్నావన్నదే. ఏడు తలుపులుంటే మన పిల్లల్ని అడ్డంకుల తలుపు దగ్గరికే తోస్తున్నది ఎవరు? సగం అక్కడివాళ్ల ఆసక్తి. మిగతా సగం ఆ ఆసక్తిని ముందే పసిగట్టి సరుకు సిద్ధం చేసే ఇక్కడివాళ్ల తెలివి.

చంద్ర తల్పడే మొహంతీ 1980ల్లోనే చెప్పింది. పాశ్చాత్య స్త్రీవాద రచనలు 'మూడో ప్రపంచపు స్త్రీ' అని ఒకే మూసలో ఒక బాధితురాలిని పోతపోశాయని, ఆమెకు చరిత్ర, వర్గం, పని, తెలివి ఏమీ లేకుండా చేశాయని. ఆ వ్యాసం మనం ఎం.ఏ. క్లాసుల్లో పాఠంగా చెప్తున్నాం. పాఠం చెప్పి స్టాఫ్ రూముకు వచ్చి, అదే క్లాసులో కూచున్న అమ్మాయి తనను తాను ఆ మూసలో పోసుకుంటుంటే వ్యాకరణ దోషాలు దిద్ది పంపుతున్నాం!

సరే, బయటివాళ్లు గాయం అడుగుతున్నారు. మరి లోపలివాళ్లు? ఇక్కడ ఇంకో చిత్రం ఉంది. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ అని కేంద్ర సాంఘిక న్యాయ శాఖ పథకం. షెడ్యూల్డ్ కులాలు, సంచార విముక్త జాతులు, భూమి లేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు విదేశాల్లో పీజీ, పిహెచ్.డి. చేయడానికి ఇస్తారు. దేశం మొత్తానికి 125 స్థానాలు. అందులో 30 శాతం స్త్రీలకు. 2022 ఫిబ్రవరిలో దీని నిబంధనలు మార్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధన చేసేవాళ్లకు ఈ స్కాలర్‌షిప్ వర్తించదన్నారు. అవి మన దేశంలోనే చదువుకోవచ్చు కదా అని సమర్థించుకున్నారు.

ఎవరికి పెట్టిన నిబంధన ఇది? డబ్బున్నవాళ్ల పిల్లలు ఆక్స్‌ఫర్డ్‌లో కూచుని కులం మీద, తెలంగాణ పల్లెల మీద, మన అమ్మమ్మల మీద నిక్షేపంగా పరిశోధన చేసుకోవచ్చు. ఆ కులంలో పుట్టి, ఆ పల్లెలో పెరిగిన పిల్ల మాత్రం సర్కారు డబ్బుతో ఆ పని చేయకూడదు. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో అంబేద్కర్ కొలంబియాకు వెళ్లాడు. 1916లో అక్కడి సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక మీద పత్రం చదివాడు. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్య వివాహం అనే మూడూ కులం గీతను కాపాడటానికి స్త్రీల మీద అమలు చేసిన పద్ధతులని ఆ పత్రంలో వాదించాడు. పాతికేళ్ల కుర్రవాడు కులానికీ స్త్రీ శరీరం మీద అదుపుకూ ముడి విప్పి చూపించిన పత్రమది. 2022 నాటి నిబంధన అప్పుడే ఉంటే ఆ అంశానికి దరఖాస్తు దశలోనే చెల్లు చీటీ రాసేవాళ్లు.

అంతకుముందు 2019 మార్చిలో కేరళ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఒక సర్క్యులర్ ఇచ్చింది. పిహెచ్.డి. అంశాలు 'జాతీయ ప్రాధాన్యాల'కు తగ్గట్టు ఉండాలని, విభాగాలు అలాంటి అంశాల జాబితా తయారుచేసి అందులోంచే పిల్లలు ఎంచుకునేట్టు చూడాలని, అప్రస్తుతమైన అంశాలను ప్రోత్సహించవద్దని. ప్రొఫెసర్ మీనా టి. పిళ్లై ఆ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠ్య ప్రణాళికా మండలికి నిరసనగా రాజీనామా ఇచ్చింది. ఒక స్త్రీ చేసిన ఆ పనిని మనం ఇంకా ఎక్కువగా చెప్పుకోవాల్సింది. ఏది ప్రస్తుతం, ఏది అప్రస్తుతం? వంటింట్లో గడిచే గంటలు అప్రస్తుతం. బీడీలు చుట్టే వేళ్లు అప్రస్తుతం. తూము లెక్క మరీ అప్రస్తుతం!

బయట 'నీ గాయం చూపించు' అంటారు. ఇంట్లో 'మన గాయాలు బయట చూపించకు' అంటారు. రెండూ ఎదురెదురు మాటల్లా వినిపిస్తాయి గానీ రెండిటికీ ఆ అమ్మాయి ఆలోచన అక్కర్లేదు. ఒకరికి ఆమె సాక్ష్యం కావాలి, ఇంకొకరికి ఆమె మౌనం కావాలి. ఆమె ఒక ప్రశ్న వేసి, పుస్తకాలు తిరగేసి, మనుషులతో మాట్లాడి, జవాబు వెతికే మనిషి కాగలదన్న ఊహ ఇద్దరికీ లేదు.

మన తెలుగు శాఖలు వీటికి అతీతం కాదు. పిహెచ్.డి. ప్రవేశానికి అంశం పట్టుకుని వచ్చిన అమ్మాయికి 'ఫలానా రచయిత్రి నవలలు - ఒక పరిశీలన' అని చేతిలో పెట్టడం ఎన్నేళ్ల అలవాటు! ఆడపిల్ల అయితే రచయిత్రుల మీద చేయాలి. దళిత అమ్మాయి అయితే దళిత కథ మీద చేయాలి. ముస్లిం అమ్మాయి అయితే ముస్లిం కవిత్వం మీద. ఛందస్సు, భాషాశాస్త్రం, శాసనాలు, విమర్శ సిద్ధాంతం అడిగితే 'నీకెందుకమ్మా అంత కష్టం' అంటారు. అస్తిత్వ ఉద్యమాలు తలుపులు బద్దలు కొట్టి తెచ్చుకున్న అంశాలను తిరిగి అమ్మాయిలకు గోడలుగా కట్టేశారు. 2016లో యూజీసీ రాత పరీక్షను అర్హత వరకే ఉంచి, ప్రవేశాన్ని మౌఖిక పరీక్ష చేతిలో పెట్టింది. గొడవలయ్యాక 2018లో రాతకు 70, మౌఖికానికి 30 శాతం చేసింది. అభ్యర్థి తన అంశం చెప్పుకునేది ఆ గదిలోనే. బల్లకు అవతల కూచున్నవాళ్ల ముఖం చూసి అంశం మార్చుకున్న అమ్మాయిలు ఎందరో మనకు తెలుసు. కొందరు మన పక్కనే అధ్యాపకులుగా ఉన్నారు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న రావాలి. వ్యక్తిగతమే రాజకీయం అన్నది స్త్రీవాదమే కదా? బాధ చెప్పుకోవడాన్ని మనమే నేర్పి ఇప్పుడు మనమే వద్దంటామా? వద్దనడం లేదు. 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు, 2003లో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు స్త్రీలు తమ బాధ తామే ఎంచుకుని, తమవాళ్లను ఉద్దేశించి, తమ మాటల్లో రాశారు. ఎక్కడ చెప్పాలో ఎక్కడ ఆపాలో వాళ్ల చేతిలో ఉంది. మార్కులు వేసేవాళ్లు ఎవరూ లేరు. పైగా ఆ రాతలు బాధ దగ్గర ఆగలేదు. ఎందుకిలా ఉంది, ఎవరి వల్ల ఇలా ఉంది అని నిలదీశాయి. దరఖాస్తు వ్యాసంలో నిలదీయడానికి తావు లేదు. 'నేను గెలిచాను, నన్ను తీసుకోండి' అని ముగించాలి. వ్యవస్థను ప్రశ్నించాల్సిన బాధ వ్యక్తి దృఢత్వానికి ధ్రువపత్రంగా మారిపోతుంది. ఏ అమ్మాయి అయినా తన గాయమే తన అంశం అనుకుంటే రాసుకోనివ్వండి. అది ఆమె హక్కు. నాకు అభ్యంతరం ఆ గాయం ప్రవేశ రుసుము అవడం మీద.

'ఎలాగోలా గట్టెక్కితే చాలు కదా, తర్వాత ఎంత విప్లవమైనా చేసుకోవచ్చు' అనే మిత్రులూ ఉన్నారు. గట్టెక్కడం కోసం దుకాణం కథ పంపిన అమ్మాయిని నేను ఒక్క మాట అనను. అప్పు చేసి పంపే తల్లిదండ్రుల ముందు సిద్ధాంతం చెప్పడం సులువు. కానీ ఒక నష్టం ఉంది. చదువు మొదలవకముందే ఆ పిల్ల నేర్చుకునే మొదటి పాఠం ఏమిటంటే, తన ఊరు, తన ఇల్లు, తన తండ్రి ఇంకొకరి కంటికి నచ్చేట్టు మార్చుకోదగ్గ సరుకు అని. దాన్ని మరవడానికి తర్వాత ఎన్నేళ్లు పడుతుంది?

గాయం అడగనివాళ్ల దగ్గర, ఎవరి అనుమతీ లేకుండా ప్రశ్న పట్టుకున్న స్త్రీలు మనకు లేరా? బెంగళూరు నాగరత్నమ్మ ఉంది. దేవదాసి కుటుంబంలో పుట్టింది. ఆమె తన బతుకు దుఃఖం రాసి ఉంటే సంస్కర్తలు కళ్లొత్తుకుని చదివేవాళ్లు. ఆమె వేరే దారి పట్టింది. ముద్దుపళని అనే కవయిత్రి ప్రస్తావన ఎక్కడో కనిపిస్తే ఆ కావ్యం ఏమైందని వెతికింది. దొరికిన అచ్చుప్రతిని రాతప్రతితో పోల్చి చూసింది. కొన్ని పద్యాలు ఎగిరిపోయాయని కనిపెట్టింది. ఎందుకు ఎగిరాయని అడిగింది. వీరేశలింగం పంతులు అంతటివాడు ముద్దుపళనిని కులం పేరెత్తి తీసిపారేస్తే, మగకవుల శృంగారానికి లేని తప్పు ఆమెకెందుకని ఎదురు తిరిగింది. 1910లో 'రాధికా సాంత్వనము' పూర్తి పాఠాన్ని పరిష్కరించి అచ్చు వేయించింది. బ్రిటిషు ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి 1947 దాకా పట్టింది. తనలాంటి స్త్రీ గురించే చేసిన పని అది. కానీ అందులో ఆమె బాధితురాలు కాదు, పరిష్కర్త!

అంతకు ముందు భండారు అచ్చమాంబ ఉంది. బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే పక్కన కూచుని నేర్చుకుంది. స్త్రీలు బుద్ధిహీనులన్న మాట నిజమేనా అన్న ప్రశ్న పట్టుకుని భాషలు నేర్చి, పుస్తకాలు సేకరించి, దేశంలోని స్త్రీల చరిత్రలు కూర్చింది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం 1901లో వచ్చింది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి ఆమె. ఆ దుఃఖం ఆమె దయకు మూలమై ఉండొచ్చు. గ్రంథానికి అంశం మాత్రం ఆమె ప్రశ్నే. ఇక మన కాలానికి వస్తే స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గరికి టేపు రికార్డరు పట్టుకుని వెళ్లి, ఎన్ని కష్టాలు పడ్డారని మాత్రమే అడిగి వచ్చేయలేదు. ఏం ఆశించారు, పార్టీలో ఏం దక్కింది, పోరాటం ఆగాక మీరేమయ్యారు అని అడిగారు. అందుకే ఆ పుస్తకం ఇప్పటికీ నిలబడింది.

మరి మనమేం చేయాలి? పాఠాలు చెప్పేవాళ్లం, రాసేవాళ్లం, ఇంటర్వ్యూ బల్లల వెనక కూచునేవాళ్లం మనమే కదా. దరఖాస్తు వ్యాసం పట్టుకుని వచ్చిన అమ్మాయిని 'నీకు ఏ కష్టం వచ్చింది?' అని అడగడం మానేద్దాం. 'నీకు ఏది అర్థం కావడం లేదు?' అని అడుగుదాం. 'అది నీకే ఎందుకు తట్టింది? దాని గురించి ఇంతవరకు ఎవరేం చెప్పారు? వాళ్లు చూడనిది నువ్వేం చూశావు?' అని అడుగుదాం. ఈ ప్రశ్నలకు జవాబు కూచున్నచోట రాదు. వారం రోజులు తిరగాలి.

ఆ చెరువు అమ్మాయి అలాగే తిరిగింది. నాయనమ్మ మాటల్ని ఫోన్‌లో రికార్డు చేసింది. ఊరి నక్ష సంపాదించి ఆయకట్టు గుర్తులు పెట్టుకుంది. పహాణీలు చూసింది. నీటిపారుదల శాఖ ఇంజినీరును అడిగింది. చివరి మడులు దున్నే ఆడవాళ్లతో రెండు పొద్దులు కూచుంది. మొదట తెలుగులోనే రాసింది. తర్వాత ఇంగ్లీషు చేసుకుంది. రాసిన దాంట్లో కులం ఉంది, పేదరికం ఉంది, ఎడ్లు అమ్మిన తండ్రి కూడా ఉన్నాడు. అవి దయ కోసం నిలబడి లేవు. ఈ ప్రశ్న ఈ పిల్లకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి ఉన్నాయి. ఆమెకు సీటు వచ్చిందా అని మీరు అడుగుతారు. అది నేను చెప్పను. సీటు వస్తే వ్యాసం గొప్పది, రాకపోతే కన్సల్టెన్సీ అతనిదే ఒప్పు అనే లెక్కలోకి మళ్లీ మనం దిగకూడదు.

ఇది ఒక్క అమ్మాయి తెగింపు మీద వదిలేసే పనీ కాదు. ప్రతి కాలేజీలో మహిళా అధ్యయన కేంద్రమో, తెలుగు శాఖో దసరా సెలవుల ముందు రెండు రోజులు కూచోబెట్టి అంశం వెతకడం నేర్పొచ్చు. గ్రంథాలయం ఎలా వాడాలి, పాత పత్రిక ఎలా చదవాలి, పెద్దవాళ్లను ఎలా అడగాలి అన్నవి దుకాణాలు నేర్పవు, మనమే నేర్పాలి. ఫీజు లేకుండా నేర్పాలి. మౌఖిక పరీక్షల బల్ల వెనక ఉన్న స్త్రీలు 'నీ కులం మీదే చెయ్యి, ఆడవాళ్ల మీదే చెయ్యి' అన్న మాట పక్కవాడి నోట్లోంచి రాగానే అక్కడే అడ్డుకోవాలి. 2022లో స్కాలర్‌షిప్‌కు పెట్టిన ఆ నిబంధన పూర్తిగా తీసేయాలని రచయిత్రుల సంఘాలన్నీ రాతపూర్వకంగా అడగాలి. చీర మీద, వంట మీద, కాన్పు మీద నియంత్రణను గుర్తుపట్టిన మనం అంశం మీద నియంత్రణను గుర్తుపట్టలేమా?

వచ్చే దసరాకు మళ్లీ అమ్మాయిలు వస్తారు. ఈలోగా ఈ పని మొదలుపెడదాం. మీ కాలేజీలో ఎవరు చేస్తారో చెప్పండి.